వార్షిక నివేదిక 2024–25: కూర్చునే గంటలు తగ్గించేందుకు మన అపార్ట్‌మెంట్ సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మరమ్మతు, లిఫ్టు వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ), ట్యాంకుల శుభ్రం, సీసీ కెమెరాలు ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి గారి నివేదికలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. గత సర్వసభ్య సమావేశంలో మీరంతా చేతులెత్తి ఒప్పుకున్న కొత్త పని ఒకటుంది. రోజంతా కూర్చునే గడిచిపోతున్న మన ఇళ్లలో కాస్త కదలిక తేవాలని అనుకున్నాం. ఈ నివేదిక దాని గురించే.

ఈ పని ఎందుకు ఎత్తుకున్నామో కొత్తగా వచ్చిన కుటుంబాల కోసం చెప్పాలి. మన రెండు బ్లాకుల్లో చాలామంది మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలు చేసేవారే. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పని. ఆఫీసుకు వెళ్లే రోజైనా ఇక్కడ సెల్లార్లో కారెక్కి అక్కడ సెల్లార్లో దిగడమే. కొత్తిమీర కట్ట కూడా పది నిమిషాల్లో గుమ్మం దగ్గరికే వస్తోంది. పెద్దవాళ్లేమో మోకాళ్ల నొప్పులని కూర్చుంటారు, కూర్చున్నకొద్దీ ఆ మోకాళ్లు మరింత బిగుసుకుంటాయి. ఇది మన గేటు లోపలి సమస్య మాత్రమే కాదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2022 నాటికి దేశంలోని పెద్దల్లో దాదాపు సగం మందికి కావలసినంత శారీరక శ్రమ లేదు. మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం మందిది ఇదే పరిస్థితి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో బయటపెట్టిన అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని తేల్చింది.

“పొద్దున్నే వాకింగ్ చేస్తున్నాం కదా, ఇంకేం చేయాలి” అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పది లక్షల మందికి పైగా వివరాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2016లో వచ్చింది. రోజుకు 8 గంటలకు పైగా కూర్చునేవారికి ఆ కూర్చోవడం వల్ల పెరిగే ముప్పు పోవాలంటే రోజూ 60 నుంచి 75 నిమిషాలు చురుకైన నడకలాంటి శ్రమ కావాలని అందులో తేలింది. అంత సమయం ఎంతమందికి దొరుకుతుంది? అందుకే కమిటీ వేరే దారి పట్టింది. ప్రత్యేకంగా టైము తీసి చేసే వ్యాయామం కంటే, రోజులో ఎలాగూ చేసే పనుల్లోనే కదలిక పెట్టడం మనకు కుదురుతుంది. కాళ్లూ తొడల కండరాలు పనిచేసేటప్పుడు ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటాయి. గంటల తరబడి అవి ఊరికే ఉంటే తిన్న అన్నం తాలూకు షుగర్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. పిక్కల కండరం కదిలితేనే కాళ్లలోని రక్తం సులువుగా పైకి వెళ్తుంది. ఊరెళ్లే రాత్రి బస్సులో పాదాలు వాచేది అది కదలకే.

మెట్లు

ఈ ఏడాది ఎక్కువ శ్రమ, ఎక్కువ వాదన మెట్ల దగ్గరే. ఎ బ్లాకు మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, గాలిపోయిన సైకిళ్లు, పాత కూలర్లు, వాటర్ క్యాన్లు, రెండో అంతస్తులో ఒక విరిగిన ఊయల బల్ల ఉండేవి. మూడో అంతస్తు మలుపులో బల్బు లేదు. రైలింగు తుప్పుపట్టి, పట్టుకుంటే చేతికి ఎర్రగా అంటుకునేది. అలాంటి మెట్లు ఎక్కమని ఎవరికి చెప్పినా ఎలా ఎక్కుతారు? ముందు సామాన్లన్నీ తీయించాం. కొన్ని ఇళ్లవారు నొచ్చుకున్నారు. అగ్నిప్రమాదం జరిగితే లిఫ్టు వాడకూడదు, దిగడానికి ఉన్నది ఈ ఒక్క దారే అని కూర్చోబెట్టి చెప్పాక ఒప్పుకున్నారు. చెప్పుల స్టాండ్లు గుమ్మం లోపలికి జరిపినందుకు వారందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు. తర్వాత రైలింగు గీకించి రంగు వేయించాం, ప్రతి మెట్టు అంచుకూ పసుపు గీత గీయించాం, మనిషి వస్తే వెలిగే బల్బులు పెట్టించాం. మూడో అంతస్తు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి చిన్న బల్ల వేశాం.

ఆ బల్ల వచ్చాక నాలుగో అంతస్తులోని పెద్దవారు ఇద్దరు సాయంత్రం పూట మెట్లెక్కడం మొదలుపెట్టారు. దారి మధ్యలో కూర్చోవచ్చన్న ధైర్యమే వారికి కావలసింది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ ఇబ్బంది కాబట్టి, వారు ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు లిఫ్టు వాడితే చాలని బి బ్లాకులో ఉండే ఫిజియోథెరపిస్టు గారు చెప్పారు. గుండె జబ్బు ఉన్నవారు, కళ్లు తిరిగేవారు తమ డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఈ రెండు మాటలూ లిఫ్టు పక్కనే రాసిపెట్టాం.

మెట్ల మీద ఇంత పట్టుదల దేనికని ఒక సభ్యులు అడిగారు. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు బృందంతో కలిసి బస్సు సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించారు. రోజంతా కూర్చునే డ్రైవర్లతో పోలిస్తే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కోసే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువ. ఇద్దరూ పనిచేసేది ఒకే బస్సులో. కండక్టర్లకు మేలు చేసింది విడిగా చేసిన వ్యాయామం కాదు, వారి డ్యూటీలోని మెట్లే.

కుర్చీ పరీక్ష

సంక్రాంతి తర్వాతి ఆదివారం కమ్యూనిటీ హాల్లో 60 దాటినవారి కోసం ఒక చిన్న పరీక్ష పెట్టాం. ప్లాస్టిక్ కుర్చీ జారకుండా గోడకు ఆనించాలి. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, అరికాళ్లు నేలకు పూర్తిగా ఆనించి, 30 సెకన్లలో ఎన్నిసార్లు నిటారుగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. 60 నుంచి 64 ఏళ్ల ఆడవారు 12 సార్ల కంటే, మగవారు 14 సార్ల కంటే తక్కువ లేస్తే కాళ్ల బలం సగటు కన్నా తక్కువని, పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. రోజూ కిలోమీటర్లు నడిచే ఒకాయన ఈ పరీక్షలో అనుకున్నంత లేవలేకపోయారు. నడక ఒక్కటే తొడలకు బలమివ్వదని ఆ రోజు హాల్లో ఉన్న అందరికీ కళ్లారా తెలిసింది. 65 దాటినవారు వారంలో కనీసం 3 రోజులు బలం, బ్యాలెన్స్ పెంచే కసరత్తులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లోనూ ఉంది. అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాల్లో ఫిజియోథెరపిస్టు గారు అరగంట చేయిస్తున్నారు. ఒక్క రూపాయి తీసుకోవడం లేదు. వారికి మనమంతా రుణపడి ఉన్నాం.

ఆడవారి సమయం

ఇది నాకు చాలా ముఖ్యమనిపించిన విషయం. తెల్లవారుజామున ఐదున్నరకు గేటు దగ్గర కనిపించే వాకర్లలో ఎక్కువమంది మగవాళ్లే. ఆ వేళకు ఇంట్లో టిఫిన్లు, క్యారేజీలు, పిల్లల స్కూల్ బస్సు పని నడుస్తుంటుంది. సాయంత్రమైతే హోంవర్కులు, వంట. పై లెక్కలోని 57 శాతం, 42 శాతం తేడాను బద్ధకం కింద జమకట్టడం అన్యాయం. కమిటీలోని మహిళా సభ్యులు ఇంటింటికీ వెళ్లి అడిగితే, చాలామందికి తీరిక దొరికేది పొద్దున పదకొండుకు అని తేలింది. ఆ ఎండలో టెర్రస్ మీద నడవలేరు. అందుకే ఆ గంట కమ్యూనిటీ హాలును వారికే కేటాయించాం. అక్టోబరులో వచ్చిన బతుకమ్మకు ముందు అక్కడే ఆట ప్రాక్టీసు మొదలైంది. చప్పట్లు కొడుతూ, వంగుతూ, లేస్తూ గంటసేపు వలయంలో తిరగడం చిన్న శ్రమేమీ కాదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఆడినవారు పండగ తర్వాత కూడా ఆపలేదు. ఇప్పుడు పాటలు మారుతున్నాయి, తిరగడం మాత్రం సాగుతోంది.

ఇంటి నుంచి పనిచేసేవారి కోసం పెద్ద ఏర్పాటేమీ చేయలేదు. అరగంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడిస్తే భోజనం తర్వాత షుగర్ పెరుగుదల బాగా తగ్గిందని కొలంబియా విశ్వవిద్యాలయంవారి చిన్న అధ్యయనం ఒకటి 2023లో చెప్పింది. అంత తరచుగా లేవడం మీటింగుల మధ్య కష్టమే. కెమెరా అక్కర్లేని కాల్ వస్తే నడుస్తూ మాట్లాడమని, అన్నం తిన్నాక కారిడార్లో ఓ పది నిమిషాలు తిరగమని మాత్రం అడిగాం. కారిడార్లో నడిచేటప్పుడు స్పీకర్ ఫోన్ వద్దు, పక్కింట్లో పసిపిల్లలు పడుకుని ఉంటారు.

ఫోన్లో అడుగులు లెక్కపెట్టే పోటీని రెండో నెలలో ఆపేశాం. కుర్రాళ్లు ఉత్సాహంగా పాల్గొన్నారు కానీ, రోజుకు పది వేల అడుగులు మావల్ల కాదని పెద్దవాళ్లు వెనక్కి తగ్గారు. ఆ పది వేలు 1965లో జపాన్‌లో ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే పరికరం) అమ్మకం కోసం వాడుకలోకి తెచ్చిన సంఖ్య, డాక్టర్లు తేల్చింది కాదు. వయసు మళ్లిన అమెరికన్ మహిళల మీద 2019లో వచ్చిన పరిశోధనలో రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసినవారిలో మరణాలు తక్కువ. 7,500 దగ్గర ఆ లాభం పెరగడం ఆగింది. కాబట్టి మన ఇళ్లలోని అమ్మమ్మలు, తాతయ్యలు నిన్నటికన్నా నాలుగడుగులు ఎక్కువ వేసినా అది లెక్కలోకి వస్తుంది. కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో తీసేసింది.

పిల్లల కోసం భవనం కింద స్తంభాల మధ్య ఉన్న స్టిల్ట్ పార్కింగులో ఆదివారం సాయంత్రం రెండు గంటలు కార్లు తీసి జాగా ఇస్తున్నాం. కార్లు బయట పెడుతున్నవారి ఓపికకు ధన్యవాదాలు.

వచ్చే ఏడాదికి

బి బ్లాకు మెట్ల పని మిగిలిపోయింది. రైలింగు, బల్బులు, పసుపు గీతలు, మలుపులో బల్ల అన్నీ ఎ బ్లాకులో చేసినట్టే చేయాలి. కార్పస్ ఫండ్ (సంఘం మూలనిధి) ముట్టుకోకుండా మెయింటెనెన్స్ మిగులు నుంచే చేయాలని కమిటీ ప్రతిపాదన. పాల ప్యాకెట్లు, పేపర్లు ఇంటి గుమ్మానికి బదులు గేటు దగ్గరి అరల్లో పెట్టించాలని కొందరు సభ్యులు కోరారు. నడవలేనివారికి, పసిబిడ్డల తల్లులకు ఇంటికే అందించాలన్న షరతుతో దీన్ని కూడా తీర్మానంగా పెడుతున్నాం. మెట్ల పనికి వచ్చిన కొటేషన్లు నోటీసు బోర్డులో ఉన్నాయి. వాటిని చూసుకుని సర్వసభ్య సమావేశానికి రండి, రెండు తీర్మానాల మీదా విడివిడిగా ఓటింగు ఉంటుంది. సమావేశం రెండో అంతస్తులోని హాల్లోనే.

కార్యదర్శి