మీరు మింగేసిన 11 గంటల గురించి

గుంటూరు, బ్రాడీపేట.

ఖాతాదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: దుబాయ్ – శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయాణ సమయం తప్పుగా ముద్రించడం, సరిచేయమని అడిగితే పట్టించుకోకపోవడం.

అయ్యా,

మా చెల్లెలి పురిటికి వెళ్తున్న మా అమ్మగారి కోసం, హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు మీ సంస్థ ద్వారా టికెట్ కొన్నాను. దుబాయ్‌లో ఉదయం 9 గంటలకు బయలుదేరే విమానం అదే రోజు మధ్యాహ్నం 1.45కు దిగుతుందని అందులో ఉంది, అది సరే. పక్కనే ప్రయాణ సమయం 4 గంటల 45 నిమిషాలని వేశారు. ఆ రెండు విమానాశ్రయాల మధ్య దూరం దాదాపు 13,000 కిలోమీటర్లు, వేసవిలో దుబాయ్‌కూ శాన్‌ఫ్రాన్సిస్కోకూ గడియారాల్లో 11 గంటల తేడా. అది కలిపితే దాదాపు 16 గంటల ప్రయాణం. అమ్మగారి ఇన్సులిన్ వేళలు రాసివ్వడానికి డాక్టరు గారు ఆ కాగితం అడిగారు కనుక, సరిచేసిన ప్రతి పంపమని కోరాను.

మీ కాల్ సెంటర్ వారు విమాన సంస్థను అడగమన్నారు. విమాన సంస్థ వారు, టికెట్ ఇచ్చినవారే సరిచేయాలని మళ్లీ మీ దగ్గరికే పంపారు. చాట్‌లో ఎంత వివరంగా రాసినా "మీ సహనానికి ధన్యవాదాలు" అన్న ఒక్క వాక్యమే తిరిగి వచ్చేది. చివరికి పని మానుకుని విజయవాడ బందరు రోడ్డులోని మీ శాఖకు వెళ్తే, అక్కడి ఉద్యోగి కంప్యూటర్ తెరను నా వైపు తిప్పి, వేళ్లు మడిచి లెక్కపెట్టి, "తొమ్మిది నుంచి ఒంటిగంట ముప్పావుకు నాలుగు ముప్పావే కదండీ" అన్నారు. కాలమానాల తేడా గురించి నేను చెబుతుండగానే "సిస్టంలో ఏముంటే అదేనండి" అని తర్వాతి టోకెన్ పిలిచారు. నేను బస్సెక్కి గుంటూరు చేరేలోపే ఫిర్యాదు "పరిష్కరించబడింది" అని సందేశం, దాని వెంటే అయిదు నక్షత్రాలు ఇవ్వమని విన్నపం!

ధ్వని కంటే వేగంగా ఎగిరి, 2003లో సేవలు ముగించిన ప్రయాణికుల విమానం కాంకార్డ్ సైతం గంటకు సుమారు 2,180 కిలోమీటర్ల వేగంతోనే పోయేది. మీ లెక్క ప్రకారం మా అమ్మగారు 2,700కు పైగా వేగంతో వెళ్తారు. ఇంతటి విమానానికి మామూలు ఛార్జీయే తీసుకున్నందుకు కృతజ్ఞుణ్ని.

మా ఇంట్లో అమెరికా ప్రయాణమంటే ఏళ్ల తరబడి మీ దగ్గరే టికెట్ కొంటున్నాం. అరండల్‌పేటలోని బంధువుల చేత కూడా నేనే మాటసాయం చేసి కొనిపించాను. కొనేటప్పుడు మర్యాదగా ఫోన్లు చేసిన మీవారిలో ఒక్కరికైనా ఇప్పుడు నా నంబరు గుర్తుకు రాకపోవడమే నాకు కష్టం కలిగించింది.

సరిచేసిన ప్రయాణ పత్రం, బాధ్యత గల అధికారి పేరు, సంతకంతో అమ్మగారి ప్రయాణానికి ముందే అందాలి. లేనిపక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పడంతో ఆగను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు కనుక, గుంటూరు వినియోగదారుల కమిషన్ ముందు మీ 4 గంటల 45 నిమిషాల లెక్కను మీ న్యాయవాది చేతే చెప్పిస్తాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు

జత: టికెట్ ప్రతి, "పరిష్కరించబడింది" అన్న మీ సందేశం ప్రతి.