మీ ప్లాన్లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

నమస్కారమండి. అటక మీద గది వేయించుకోవడానికో, వెనక వంటిల్లు పెంచుకోవడానికో ఈ నెల మాకు పని అప్పగించిన వాళ్ళందరికీ ప్లాన్లు రెండు వారాలు ఆలస్యంగా అందుతాయి. ముందే ఫోన్ చేసి చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే.

కారణం, ఉత్తర లండన్‌లో కూల్చబోతున్న ఒక పాత పబ్బు. పడగొట్టేముందు భవనాన్ని కొలతలు, ఫొటోలతో పూర్తిగా రికార్డు చేయాలని స్థానిక కౌన్సిల్ అనుమతిలో షరతు ఉంది. ఆ పని మాకొచ్చింది. నాలుగు రోజులనుకున్నాను, పదకొండు పట్టింది.

గోడల కొలతలు లేజర్ స్కానర్ ఒక్కరోజులో తీసేసింది. అసలు పని ఆ తర్వాతే. హాల్లో నేల చెక్కల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సన్నటి గీత ఒకటి కనిపించింది. ఒకప్పుడక్కడ అడ్డుగోడ ఉండేది. పాత ఇంగ్లిష్ పబ్బుల్లో కూలిపనివాళ్ళకు పబ్లిక్ బార్, కాస్త కలిగినవాళ్ళకు సలూన్ బార్ వేరుగా ఉండేవి. సలూన్‌లో బీరు ధర కూడా ఎక్కువే. గీతకు ఇటువైపు చెక్కలు బూట్ల కింద అరిగి పల్లమయ్యాయి. అటువైపు, తివాచీ పరిచినచోట, దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. గోడ ఎప్పుడో తీసేశారు, ఆ తేడా నేలలో ఉండిపోయింది. పక్కనుంచి దీపం పెట్టి, కొలబద్ద ఆనించి తీస్తేనే ఫొటోలో తెలుస్తుంది. నేలమాళిగ ఫొటోల్లో ఆ కొలబద్దే పెట్టడం మరిచిపోయాం, మళ్ళీ వెళ్ళి అన్నీ తీశాం.

ఎలాగూ పోయేదానికి ఇంత అవసరమా అని మా ఇంట్లోనే అడిగారు. లండన్‌లోనే మైడా వేల్‌లో ఉన్న కార్ల్‌టన్ టావెర్న్ 1920-21లో కట్టిన పబ్బు. చారిత్రక భవనాల రక్షిత జాబితాలో చేర్చే పరిశీలన నడుస్తుండగానే 2015 ఏప్రిల్‌లో అనుమతి లేకుండా కూల్చేశారు. ముందే అనుమానం వచ్చిన చుట్టుపక్కలవాళ్ళ చొరవతో టైల్స్‌కు అచ్చులు తీసి, వివరాలన్నీ భద్రపరిచి ఉంచారు. ఉన్నది ఉన్నట్టు తిరిగి కట్టాలని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ పట్టుబట్టింది. 2021 ఏప్రిల్‌లో ఆ పబ్బు మళ్ళీ తెరుచుకుంది. మా తాతగారి మండువా ఇల్లు తీసేసినప్పుడు తలుపులు, దూలాలు అమ్ముకున్నాం గానీ ఒక్క కొలతా రాసుకోలేదు.

ఇప్పుడు మేం రికార్డు చేసిన పబ్బు మాత్రం తిరిగి లేవదు, అక్కడ ఫ్లాట్లు వస్తున్నాయి. రికార్డు చేసుకోవచ్చు గదా అని కూల్చడానికి ఒప్పుకోకూడదని ఇంగ్లండ్ ప్లానింగ్ విధానంలోనే ఉంది. నేనూ అదే నమ్ముతాను. అందుకే ఈ పని చేస్తూ ఒక్కరోజు కూడా మనసు తేలికగా లేదు.

మీ ప్లాన్లు వరుస ప్రకారం వచ్చే సోమవారం నుంచి పంపుతాం. కౌన్సిల్‌లో దరఖాస్తు గడువు దగ్గరపడినవాళ్ళు చెప్పండి, మీది ముందు చేస్తాను. ఇంకొక్క మాట. ఆ పబ్బు మేడ మీది హాల్లో తమ పిల్లల పుట్టినరోజులు జరిగాయని మీలో ఇద్దరు అన్నారు. ఫోన్ చేస్తే ఏ పబ్బో చెబుతాను. పాత ఫొటోలుంటే పంపండి, మనుషుల వెనక గోడో కిటికీయో కనిపించినా చాలు. రిపోర్టు ఈ నెల 28న ఇచ్చేస్తున్నాం.