పిట్ట బొమ్మ మాటున బీరు ప్రచారం

సంపాదకుల వారికి,

ఐపీఎల్ మొదలైందంటే కింగ్‌ఫిషర్ పిట్ట ఇంటింటి టీవీలో వాలుతుంది. పేరుకు అది నీళ్ల సీసాకో, సోడాకో ప్రకటన. కానీ ఆ ఎర్ర అక్షరాలు, ఆ పిట్ట, ఆటగాళ్లు పాడే ఆ పాట చూసి నీళ్లు గుర్తొచ్చేవాళ్లు ఎవరుంటారు? మా వీధిలో ఆరో తరగతి పిల్లలకు కూడా అది బీరు పిట్టే.

దీని వెనుక వందేళ్ల వ్యాపారం ఉంది. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లాండ్ దేశస్థుడు దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో అది విఠల్ మాల్యా చేతికి వచ్చింది. 1978లో కింగ్‌ఫిషర్‌ను విజయ్ మాల్యా పెద్ద ఎత్తున మార్కెట్‌లోకి దింపారు. టీవీలో మద్యం ప్రకటనలను కేబుల్ నిబంధనలు అడ్డుకున్నా పిట్ట ఆగలేదు. నీళ్ల సీసా మీదికి వచ్చింది, 2003లో క్యాలెండర్ మీదికి, 2005లో విమానం మీదికి. ఆ విమానాలు 2012లో నిలిచిపోయాయి, బీరు కంపెనీ విదేశీ బీరు సంస్థ హైనెకెన్ చేతికి వెళ్లింది. పిట్ట మాత్రం అలాగే ఉంది.

1987లో అమెరికాలో బడ్ లైట్ బీరు ప్రచారానికి స్పడ్స్ మెకెంజీ అనే కుక్కను తెచ్చారు. దాని బొమ్మలు, టీషర్టులు పిల్లల దాకా వెళ్లాయి. సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ ఆ బొమ్మలను సెనేట్‌లోనే చూపించి నిలదీశారు. పిల్లల కోసం కాదని కంపెనీ వాదించినా, 1989లో ఆ కుక్కకు సెలవిచ్చింది. అక్కడ కనీసం అది బీరు ప్రకటనేనని అందరికీ తెలుసు.

2022 జూన్‌లో మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి ముసుగు ప్రకటనలను నిషేధించింది. ఆ మార్గదర్శకాల్లోనే ఒక మినహాయింపు కూడా పెట్టింది. ప్రకటనలపై నిషేధం ఉన్న సరుకు బ్రాండ్ పేరు వాడినంత మాత్రాన, వేరే అభ్యంతరం లేకపోతే, అది ముసుగు ప్రకటన కాదట. ముందు తలుపు వేసి పెరటి తలుపు తీసి పెట్టడమే ఇది.

మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. బీరు కొని దుకాణాలకు ఇచ్చేది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్లే. ధరలు, బకాయిల గొడవతో 2025 జనవరిలో ఇదే యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపేస్తే, ఒత్తిడికి లొంగేది లేదని ప్రభుత్వం గట్టిగానే చెప్పింది. కొద్ది రోజుల్లోనే సరఫరా మళ్లీ మొదలైంది. డబ్బు విషయంలో చూపిన ఆ పట్టుదల పిల్లల విషయంలో ఎందుకు లేదు? మద్యం పేరుతో, బొమ్మతో వేరే సరుకుకు ప్రచారం చేయకూడదన్న షరతును కార్పొరేషన్లు సరఫరా ఒప్పందాల్లోనే రాసుకోవాలి. మున్సిపాలిటీలు అలాంటి హోర్డింగులకు అనుమతి ఇవ్వకూడదు. కేంద్రం ఆ మినహాయింపును వచ్చే ఐపీఎల్ లోపే తొలగించాలి.

– ఒక పాఠకురాలు, సంగారెడ్డి