700 అనే స్కోరే లేదిప్పుడు

సంపాదకులకు నమస్కారం.

మాస్టర్స్ ఇన్ ఫైనాన్స్ ప్రవేశాల మీద మీ విద్యా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. జీమ్యాట్‌లో (బిజినెస్, ఫైనాన్స్ పీజీ కోర్సుల ప్రవేశ పరీక్ష) 700 దాటితే సగం పని అయిపోయినట్టేనని రాశారు. అది పాత పరీక్ష లెక్క. 2023 నవంబర్‌లో కొత్త జీమ్యాట్ వచ్చింది. ఇందులో స్కోరు 205 నుంచి 805 దాకా ఉంటుంది, ప్రతి స్కోరూ 5తోనే ముగుస్తుంది. అంటే 700 ఎవరికీ రాదు! పాత 700కి దాదాపు సమానంగా ఇప్పుడు 645ని చూస్తున్నారు. 655 తెచ్చుకున్న మా విద్యార్థి ఒకడు మీ వ్యాసం చదివి, మళ్లీ ఫీజు కట్టి పరీక్ష రాస్తానని కూర్చున్నాడు. ఈ ఉత్తరం అందుకే.

నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. అడ్మిషన్ల కాలం వచ్చిందంటే సిఫారసు లేఖలు అడిగేవాళ్లు నా గదికి వస్తూనే ఉంటారు. స్కోరు గురించి అందరికీ టెన్షనే. తమ మార్కుల పట్టికలో ఏ సబ్జెక్టులున్నాయో చూసుకునేవాళ్లు మాత్రం తక్కువ. అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ లాంటి చోట లీనియర్ ఆల్జీబ్రా, మల్టీవేరియబుల్ క్యాల్క్యులస్, ప్రాబబిలిటీ ముందే చదివి ఉండాలని చూస్తారు. జీమ్యాట్ లెక్కల విభాగం క్వాంట్‌లో క్యాల్క్యులస్ అడగనే అడగరు కాబట్టి అక్కడ ఎంత వచ్చినా ఈ లోటు పూడదు. అలాగని కామర్స్ పిల్లలకు దారి మూసుకుపోలేదు. కార్పొరేట్ ఫైనాన్స్, వాల్యుయేషన్ (కంపెనీల విలువ కట్టడం) వైపు మొగ్గే కోర్సులకు ఇంత గణితం అక్కర్లేదు.

ఇక సిఫారసు లేఖ. "మేడమ్, నేనే రాసుకొస్తాను, మీరు సంతకం పెట్టండి" అంటారు. లేఖ పంపాల్సిన లింకు నా మెయిల్‌కే వస్తుందని తెలిసేసరికి ముఖం వాడిపోతుంది. చాలా బిజినెస్ స్కూళ్లు వాడే ఉమ్మడి ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ విద్యార్థిలో సరిదిద్దుకోవాల్సినదాని గురించి మీరేం చెప్పారు, తనెలా స్పందించింది? క్లాసులో వెనక బెంచీ దాటి రానివాళ్ల గురించి దీనికి ఏం రాయను?

ఒకమ్మాయి షేర్ల రాబడుల మీద ప్రాజెక్టు చేసి, అవి నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్నాయని, అంటే ఎక్కువ భాగం సగటు దగ్గరే ఉండి మరీ పెద్ద లాభనష్టాలు చాలా అరుదని, రాసుకొచ్చింది. గ్రాఫులో రెండు చివర్లూ చూపించి, ఇంత పెద్ద నష్టాలు ఇన్నిసార్లు ఎలా వచ్చాయని అడిగాను. కొన్నాళ్లకు తిరిగొచ్చింది. పెద్ద కుదుపులన్నీ ఒకదాని వెంట ఒకటి గుంపుగా వస్తున్నాయని తనే పట్టుకుంది, పైథాన్‌లో మోడల్ మార్చి రాసింది. ఫారంలోని ఆ ప్రశ్నకు జవాబుగా జరిగింది జరిగినట్టు రాశాను. స్కోరు గొప్పదేం కాదు, సీటొచ్చింది. లేఖ వల్లే వచ్చిందనను గానీ, ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టు గురించే ఎక్కువసేపు అడిగారట.

ఈసారి వ్యాసం వేసేటప్పుడు స్కోర్ల పక్కన, ఒక్కో కోర్సుకు ముందే చదివి ఉండాల్సిన సబ్జెక్టుల పట్టిక కూడా ఇవ్వండి. చోటు చాలకపోతే టాపర్ల ఫొటోలు ఒకటి రెండు తగ్గించుకోవచ్చు.

— ఒక స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు