మేము వేసిన సిలికాన్ ఆరలేదు

నమస్కారం. సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు ఆఖరు దాకా మా చేత బాత్రూముల్లోనో, వంటింటి గట్టు దగ్గరో, కిటికీల చుట్టూనో సందులు మూసే సిలికాన్ జిగురు వేయించుకున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మిగతావాళ్లు కూడా చదవండి, ఎందుకంటే రేట్లు మారాయి.

ఆ ఆరు వారాల్లో మేము 23 ఇళ్లకు వేసిన సరుకు బాగాలేదు. తొమ్మిది ఇళ్లవాళ్లు ఫోన్ చేశారు. మిగతా 14 ఇళ్లవాళ్లకు ఈ సంగతి ఇప్పుడు నేను చెబుతుంటేనే తెలుస్తోంది.

మొదటి ఫోన్ మన తిరుపతి కొర్లగుంట నుంచి వచ్చింది, అక్టోబరు చివర్లో. షవర్ మూలలో వేసిన గీత ఊడి వస్తోందన్నారు. నేను సరిగ్గా వినకుండానే "24 గంటలు నీళ్లు తగలకూడదని చెప్పాం కదా సార్, మీరు ముందే స్నానం చేసుంటారు" అనేశాను. ఆయన చేయలేదన్నారు. నేను నమ్మలేదు. పైగా అదే డబ్బాలోంచి ఇంకో ట్యూబు తీసి, మళ్లీ అదే సరుకు వేసి వచ్చాను. ఆయనకు ఇక్కడే క్షమాపణ చెబుతున్నాను. ఇంటికొచ్చి కూడా చెబుతాను.

రెండోది తిరుచానూరులో. అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు జరుగుతున్నాయి, బండి లోపలికి పోనివ్వలేదు. సిలికాన్ పూసే గన్ను, బ్లేడ్ల సంచి భుజాన వేసుకుని నడిచి వెళ్లాను. ఆ ఇంట్లో పెద్దమ్మ గుమ్మంలోనే అంది: "నాయనా, నువ్వు పూసిపోయి నెలయింది. ఇంకా చేతికి అంటుకుంటా ఉండాదే ఇది!"

వంగి చూశాను. కమోడ్ చుట్టూ తెల్లగా ఉండాల్సిన గీత నల్లగా ఉంది. దాని మీద దుమ్ము, నాలుగు వెంట్రుకలు, అతుక్కుని చచ్చిన చీమ ఒకటి. బొటనవేలి గోరుతో అంచు మీద నొక్కితే పైపొర చిట్లింది. లోపల పనసకాయ జిగురే. లాగితే తీగలా సాగి నా గోటికి చుట్టుకుంది. పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నెల తర్వాత సిలికాన్ అలా సాగడం ఎప్పుడూ చూడలేదు. పెద్దమ్మ ఒక్క మాట అనలేదు, కాఫీ ఇచ్చింది. తిట్టుంటే బాగుండేది.

ఆ సాయంత్రమే సరుకు ఇచ్చిన చెన్నై హోల్‌సేలరుకు ఫోన్ చేశాను. నాలుగేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను. ఆయన చెప్పిన మాట ఇప్పటికీ మండుతోంది: "వానాకాలం కదా సార్, గాలిలో తేమ ఎక్కువ. ఆరదు. ఓపిక పట్టండి."

ఇదే మాట ఇంకెవరైనా మీకు చెబితే నమ్మకండి. సిలికాన్ పెయింటులా నీళ్లు ఆవిరై ఆరేది కాదు. గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. మంచి సరుకైతే పావుగంట, ఇరవై నిమిషాల్లో పొర కడుతుంది, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకు గట్టిపడుతుంది. తేమ ఎక్కువైతే ఇంకా తొందరగా. వానాకాలంలో చిక్కల్లా వేసే చోటుతోనే. టైలు సందుల్లో, గోడ అంచున చెమ్మ ఉంటే సిలికాన్ పట్టుకోదు, కొన్నాళ్లకు పట్టీలా ఊడి వస్తుంది. అది మా పనితనం తప్పవుతుంది, సరుకు తప్పు కాదు. లోపల బంకగానే ఉండిపోయిందంటే మాత్రం సరుకు తప్పే. నా పని నాకే తప్పుగా నేర్పాడాయన.

నోటి మాటతో తేలదని ఒక గాజుముక్క తీసుకున్నాను. ఒక పక్క ఆయన ట్యూబు, ఇంకో పక్క గాంధీ రోడ్డులో అప్పుడే కొన్న ట్యూబు, రెండూ ఒకే మందంలో గీతలు గీశాను. మర్నాటికి గాంధీ రోడ్డుది రబ్బరులా అయింది. ఆయనది ముట్టుకుంటే వేలికి వచ్చింది. వారం తర్వాతా వేలికి వచ్చింది. అది షాపు బల్ల మీదే ఉంది, వచ్చి నొక్కి చూడండి.

తర్వాత ట్యూబు అడుగున ఉన్న తెల్ల స్టిక్కరు మీద కిరోసిన్ రాసి తీశాను. స్టిక్కరు మీద ఈ ఏడాది తేదీ. దాని కింద అసలు తేదీ రెండేళ్ల నాటిది. పక్కనే 12 నెలల్లోపు వాడాలని కంపెనీవాళ్లే అచ్చు వేశారు. దానికి తోడు మన ఎండల్లో రేకుల గోడౌనులో పడి ఉన్న సరుకైతే లోపల ఇంకేం మిగులుతుంది?

నా తప్పు కూడా చెప్పాలి. మొదటి డబ్బా విప్పిన రోజే మా కుర్రాడు అడిగాడు, "అన్నా, దీని మీద స్టిక్కరేంది?" అని. "ఎమ్మార్పీ స్టిక్కరయ్యుంటుంది, పని చూడు" అన్నాను. ఎందుకన్నానంటే ట్యూబుకు 60 రూపాయలు తక్కువకు వచ్చింది. నాలుగు డబ్బాలు, 96 ట్యూబులు, రూ. 5,760 మిగిలిందని సంబరపడ్డాను. 71 వాడేశాను, 25 షాపులో ఉన్నాయి. ఆ 25 వెనక్కి పంపితే కొత్తవి ఇస్తానంటున్నాడు. పంపను. పంపితే ఇంకో స్టిక్కరు తగిలించుకుని ఇంకో ఊళ్లో ఎవరి గన్నులోకో ఎక్కుతాయి. ఇకపై ఆయన ఊరికే ఇచ్చినా తీసుకోను.

ఇక ఆ 14 ఇళ్ల సంగతి. నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రెండు వారాల కిందటే రావాల్సింది. మా బావమరిది లెక్కలు చూస్తాడు. "ఫోన్ చేసినవాళ్లకు చేసిపెడదాం. నిద్రపోయేవాళ్లను లేపడమెందుకు బావా? కొన్ని ఆరుంటాయి కూడా" అన్నాడు. లెక్క అతను చెప్పినట్టే ఉంది. 71 ట్యూబులంటే దాదాపు 1,560 అడుగులు. ఆరని బంకను గీకి తీయడం కొత్తది వేయడం కంటే చాలా కష్టం, తుడిచేకొద్దీ పాముకుంటుంది. ఇద్దరు మనుషులు రోజుకు 65 అడుగులకు మించి చేయలేరు. అంటే 24 రోజులు, కూలీయే రూ. 38,400, సరుకు ఇంకో 27 వేలు. పాత ఓమ్నీ వ్యాను కొందామని దాచుకున్న డబ్బు అది.

మూడు రాత్రులు అటూ ఇటూ అనుకున్నాను. నాలుగో రోజు ఆ 14లో రెండిళ్లకు "ఊరికే చెక్ చేద్దామని వచ్చాం" అని చెప్పి వెళ్లాను. బైరాగిపట్టెడలో ఇంట్లో గోరుతో నొక్కితే బాగానే గట్టిపడి ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఎం.ఆర్.పల్లిలో ఇంట్లో సింకు కింద నొక్కాను, జిగురు. ఆ ఇంటాయన "అంతా ఓకేనా?" అంటే "ఓకే సార్" అని వచ్చేశాను. ఆ రెండు ముక్కలు అన్నాక ఇంక దాచడం నా వల్ల కాలేదు. కాబట్టి 23 ఇళ్లూ చూస్తాం. గట్టిపడిన చోట ముట్టుకోం, మిగతాదంతా తీసేసి మళ్లీ వేస్తాం. రూపాయి ఇవ్వక్కర్లేదు.

డబ్బు వాపసు ఇమ్మని ఇద్దరు అడిగారు. ఇవ్వను. కోపంతో కాదు. మీరు ఆ డబ్బుతో ఇంకొకరిని పిలిస్తే, అతను ఆ బంక మీదే కొత్తది వేసి పోతాడు. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ నిలవదు, గట్టిపడినదాని మీదే నిలవదు, బంక మీద అసలే నిలవదు. ఆర్నెల్లకు ఊడితే మళ్లీ నా పేరే. ఇప్పటికే వేరేవాళ్లతో తీయించి వేయించుకున్నవాళ్లుంటే చెప్పండి, నాకిచ్చింది తిరిగి ఇస్తాను.

ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నా గురించి "రేటు ఎక్కువ, మనిషి లోకల్" అని ఒక సారు పెట్టారట. రేటు సంగతి కింద చెబుతాను. లోకల్ అవడం ఎప్పటి నుంచి తప్పయిందో నాకు తెలియదు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, నీళ్లు తీసిన మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి చెమ్మ పట్టిన గోడలు చూసింది ఈ లోకల్ మనిషే.

రేట్లు. ఇంతకు ముందు కొత్త సందుకు అడుగు రూ. 38, పాతది తీసి వేస్తే రూ. 55. ఈ నెల నుంచి 48, 70. ఎక్కడికొచ్చినా కనీసం రూ. 1,200. నష్టం మీ మీద రుద్దుతున్నానని అనుకోవద్దు, లెక్క చూడండి. 300 మిల్లీలీటర్ల ట్యూబుతో ఆరు మిల్లీమీటర్ల గీత గీస్తే కాగితం మీద 27 అడుగులు వస్తుంది, చేతిలో 22 దాటదు. బూజు పట్టకుండా మందు కలిసిన బాత్రూము రకం రూ. 380 పడుతోంది, అంటే అడుగుకు 17 రూపాయల పైమాటే. పాతది తీసే పనిలో కూలీ అడుగుకు 25 దాకా. టేపు, బ్లేడ్లు, తుడిచే స్పిరిట్, పెట్రోలు పోను మిగిలేది నాది. అడుగు 25కి చేసేవాళ్లూ ఊళ్లో ఉన్నారు. వాళ్లు వాడే రూ. 180 ట్యూబు వెనిగర్ వాసన కొడుతుంది, గాజుకు ఫరవాలేదు. కడప బండ మీద, పాలరాయి మీద, సిమెంటు మీద మాత్రం వేయించుకోకండి. రాయిని మరక చేస్తుంది, సిమెంటుకు సరిగ్గా పట్టదు. అక్కడ వాసన రాని న్యూట్రల్ రకమే వేయాలి.

మామూలు బాత్రూములో పాతది తీసి వేసేది 30 అడుగులనుకుంటే రూ. 2,100. వంటింటి గట్టు, సింకు కలిపి 16 అడుగులు, రూ. 1,120. నాలుగు బై నాలుగు కిటికీకి చుట్టూ 16 అడుగులు, కొత్తదైతే రూ. 768. రెండు బాత్రూములు, ఆరు కిటికీలున్న ఇంటికి మొత్తం పదివేల లోపే. పై అంతస్తులో బయటి నుంచి తాడు కట్టి దిగాలంటే అది వేరే లెక్క.

అనవసరంగా ఖర్చు పెట్టకండి కూడా. పైకప్పు నుంచో గోడలో పైపు నుంచో నీళ్లు దిగుతుంటే సిలికాన్ వల్ల ఒరిగేదేమీ లేదు, ముందు ఆ లీకు చూపించుకోండి. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీల అడుగున చిన్న రంధ్రాలుంటాయి, చీమలొస్తున్నాయని మూయమంటారు కొందరు. లోపల పడిన వాన నీళ్లు బయటికి పోయే దారి అది. మూయం.

ఇకపై ప్రతి ట్యూబు తేదీ మీకు చూపించాకే దాని ముక్కు కోస్తాం. ఖాళీ ట్యూబు మీ దగ్గరే వదిలి వెళ్తాం. మళ్లీ వేసే ఇళ్లకు రెండు రోజులు కావాలి. మొదటి రోజు తీయడం, ఫ్యాను పెట్టి సందులు ఆరబెట్టడం, రెండో రోజు వేయడం, ఆపైన ఒక రోజు నీళ్లు తగలకూడదు. పెద్దవాళ్లున్న ఇళ్లలో బాత్రూములు ముందు. కిటికీల బయటి వైపు మాత్రం వరసగా రెండు రోజులు వాన లేకుండా ఎండ కాస్తేనే. దాని కోసం ఎంత తొందరపెట్టినా రాను.

సోమవారం తిరుచానూరు పెద్దమ్మగారింట్లో మొదలుపెడుతున్నాం. బుధవారం కొర్లగుంట. ఇల్లు తాళం వేసి బెంగళూరులో ఉన్నవాళ్లు తాళాలు ఎవరి దగ్గరున్నాయో చెబితే చాలు. సెప్టెంబరు పని తాలూకు రూ. 3,400 ఇంకా ఇవ్వాల్సిన సారు ఒకరున్నారు. మీ పేరు జాబితాలోంచి ఒకసారి కొట్టేసి మళ్లీ రాశాను సార్. శుక్రవారం ఉదయం తొమ్మిదికి మీ ఇంటికి వస్తాం. బాత్రూము ఖాళీగా ఉంచండి, డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం.