ఆ రాళ్లు మావి కావు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన గురువారం మీ జిల్లా పేజీలో 'పింఛనుదారుల ధర్నా హింసాత్మకం' అని పెద్ద అక్షరాలతో వేశారు. మనసు కుదుటపడక నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. విశాఖలో జీవీఎంసీ (నగరపాలక సంస్థ) గాంధీ విగ్రహం దగ్గర ధర్నా రోజు ఉదయం పది నుంచి నేను అక్కడే కూర్చున్నాను. బస్సు అద్దం పగలగొట్టినవాళ్లు మాలో ఒక్కరు కూడా లేరు.

గాజువాక, మల్కాపురం, మధురవాడ నుంచి సిటీ బస్సుల్లో వచ్చిన రెండు వందల మందిమి. అందరం ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్లం, చాలామందికి డెబ్బై దాటాయి. మనిషికి యాభై రూపాయలు వేసుకుని షామియానా, కుర్చీలు, మైకు మాట్లాడుకున్నాం. పోలీసు పర్మిషన్ ఒంటిగంట వరకు ఉంది. ఇంటి నుంచి చోడి అంబలి, మజ్జిగ తెచ్చుకున్నాం. పన్నెండు కావస్తుండగా బైకుల మీద నలభై యాభై మంది కుర్రాళ్లు జెండాలతో దిగారు. మా బ్యానర్ మీద ఏం రాసుందో కూడా చదవలేదు. మైకు లాక్కుని, రోడ్డు మీదికి నడవమన్నారు. ఆర్టీసీ బస్సులు ఆపారు. ఒకడు రాయి విసిరాడు, ఆ వెంటే ఇంకో నాలుగు. పోలీసులు లాఠీలు తీయగానే వాళ్లు బైకులెక్కి పోయారు. మోకాళ్లు అరిగిపోయిన మావాళ్లు ఎక్కడికి పరిగెడతారు? నా పక్కనున్న స్నేహితుడు పడిపోయి కళ్లజోడు పగిలింది, మోచెయ్యి చీరుకుపోయింది. స్టేషన్‌కు తీసుకెళ్లింది కూడా మావాళ్లనే, పర్మిషన్ కాగితం మీద వాళ్ల పేర్లే ఉన్నాయి కాబట్టి. రాళ్లు వేసినవాళ్లను ఒక్కరినీ పట్టుకోలేదు. అక్కడున్న సీసీ కెమెరాలు చూస్తే తెలిసిపోదా?

అసలు మేం ఎందుకు కూర్చున్నామో మీ వార్తలో ఒక్క వాక్యం లేదు. 1995 నవంబరు 16న ఈపీఎస్, అంటే ప్రైవేటు ఫ్యాక్టరీల్లాంటి చోట్ల పనిచేసే ఉద్యోగుల పింఛను పథకం, వచ్చింది. యాజమాన్యం వాటాలోంచి 8.33 శాతం ఆ నిధికి వెళ్లింది, అది మా కష్టం మీద కట్టిన డబ్బే. 2013లో రాజ్యసభ కోషియారీ కమిటీ కనీస పింఛను 3,000 ఇవ్వమంది. 2014 సెప్టెంబరు నుంచి 1,000 చేశారు. అంతే, అక్కడే ఆగిపోయింది. డీఏ (కరవు భత్యం) లేదు. నాకు నెలకు 1,870 వస్తోంది, బీపీ, షుగరు మాత్రలకే చాలదు. రాష్ట్ర ప్రభుత్వం వృద్ధులకు నెలకు 4,000 ఇస్తోంది, ఇవ్వాల్సిందే, మాకు సంతోషమే. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో పనిచేసినవాడికి అందులో నాలుగో వంతు కనీస పింఛనుగా నిర్ణయించడం న్యాయమేనా? మేం అడిగేది 7,500, దాని మీద డీఏ. పింఛను దయతో ఇచ్చే బహుమతి కాదని 1982లోనే సుప్రీంకోర్టు నకారా కేసులో చెప్పింది.

బతికే ఉన్నామని బ్యాంకులో ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. లేతు మిషన్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన వేళ్లకు గీతలు ఎక్కడ మిగులుతాయి? వేలిముద్ర పడలేదు, రేపు రమ్మంటారు. మూడుసార్లు తిరిగాను. కూర్చోమని అన్నవాళ్లు లేరు. పెద్దవాళ్లు కనిపిస్తే లేచి కుర్చీ ఇచ్చే రోజులు పోయాయి.

మా తప్పు కూడా ఉంది. జనం ఎక్కువ కనిపిస్తారని, ఏ జెండా వచ్చినా మా నాయకులు చప్పట్లు కొట్టారు. అర్జెంటీనాలో ఏం జరిగిందో పేపర్లలోనే చదివాం. బ్యూనస్ ఐరిస్‌లో పింఛనుదారులు ప్రతి బుధవారం పార్లమెంటు ముందు నిలబడతారు. 2025 మార్చి 12న ఫుట్‌బాల్ అభిమానులు వాళ్లకు తోడు వచ్చారు. చాలామంది మంచి మనసుతోనే వచ్చి ఉంటారు. కానీ ఆ సాయంత్రానికి రాళ్లు, బాష్పవాయువు, వందకు పైగా అరెస్టులు. ఒక ఫొటోగ్రాఫర్ తలకు బాష్పవాయు గుండు తగిలి చావుబతుకుల్లో పడ్డాడు. ముసలివాళ్ల పింఛను ఎంతో మర్నాడు ఎవరు మాట్లాడారు? ముసలివాళ్లను తొయ్యడానికి పోలీసులకు అదొక సాకు అయింది.

విశాఖకు ఉద్యమాలు కొత్త కాదు. 1966 నవంబరు 1న ఉక్కు ఉద్యమంలో ఇక్కడ కాల్పులు జరిగినప్పుడు నాకు పదమూడేళ్లు. ఆ రోజు మా వీధిలో ఏడుపులు ఇంకా చెవిలో ఉన్నాయి. 2021లో ఉక్కు కార్మికులు కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వేసి ఏళ్ల తరబడి ఓపిగ్గా కూర్చున్నారు. మేం కూడా అలాగే కూర్చోవాలనుకున్నాం.

మీ మీదా నాకు కోపం ఉంది, క్షమించండి. అంతకు ముందు మేం నాలుగుసార్లు ధర్నా చేశాం. ఒక్కసారి రెండు లైన్లు వేశారు, మూడుసార్లు అదీ లేదు. రాయి పడిన రోజున మొదటిసారి మా ఫొటో వచ్చింది. ఇది చూసి ఆ కుర్రాళ్లు ఏం నేర్చుకుంటారో ఆలోచించండి.

వచ్చే నెల మళ్లీ అక్కడే కూర్చుంటాం. ఈసారి మా వలంటీర్లు గుర్తింపు కార్డు చూసే లోపలికి పంపుతారు. మీ విలేకరిని ఉదయం పదికే పంపండి, మా పక్కన ఒక కుర్చీ ఉంచుతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కార్మికుడు,
పెదగంట్యాడ, విశాఖపట్నం