గడియ పడని గేటు, మాకు రాకూడని బిల్లు

అద్దె ఇళ్ల విభాగం మేనేజర్ గారికి,

విషయం: ఈతకొలను గేటు, కాలిపోయిన పంపు, మాపై వేసిన ఖర్చు

అయ్యా,

గని ఊళ్లో మీ సంస్థ ద్వారా తీసుకున్న ఇంట్లో నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు అయిదు నెలలుగా ఉంటున్నాం. ముందు గేటు సంగతి. కొలను కంచె గేటు ఎవరూ వేయకపోయినా దానంతట అదే మూసుకుని గడియ పడాలి. మా గేటుకు స్ప్రింగు వదులైంది, గడియ వేలెడు కిందికి జారింది. నెలన్నరలో మూడుసార్లు రాశాను. టెక్నీషియన్ మా వైపు వచ్చినప్పుడు చూస్తారని మూడుసార్లూ ఒకటే జవాబు. ఈలోగా తాడుతో కట్టుకోమని మీ ఉద్యోగి సలహా ఇచ్చారు. మా చిన్నవాడికి నాలుగేళ్లు. ముళ్లు విప్పడం వాడికి ఈ మధ్యే వచ్చిన విద్య. నీళ్లలో పడిన పసిపిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు. మా ఆయన రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోతారు, వంటింట్లోంచి కొలను కనిపించదు. అందుకే పెరటి తలుపుకే తాళం వేశాం. కొలను ఉన్న ఇల్లని ఎక్కువ అద్దె కడుతూ పెరట్లో అడుగు పెట్టకుండా ఉంటున్నాం.

ఇక కొలను నీటిని తిప్పే పంపు. నీటిమట్టం తగ్గినా మేం నింపలేదని, పంపు గాలి పీల్చి సీలు కాలిపోయిందని బిల్లులో రాశారు. కాలిన కారణం సరిగ్గానే పట్టుకున్నారు, మనుషుల్ని మాత్రం తప్పుగా పట్టుకున్నారు. ఇల్లు అప్పగించిన రోజు మీరు తీసిన ఫొటోల్లోనే నీరు స్కిమ్మర్ (కొలను గోడలో పంపుకు నీరు లాగే గూడు) నోటికి దిగువన ఉంది. అంతకుముందు ఇల్లు వారాల తరబడి ఖాళీగా ఉంది. ఈ ఎండకు, పొడిగాలికి మూత లేని కొలను ఎంత వేగంగా ఇంకుతుందో మీకు తెలియనిది కాదు. మోటారు కీచుమంటోందని మేం చేరిన రెండో రోజే తెలియజేశాను. ఆ సందేశం, ఫొటోలు దీనితో జతచేస్తున్నాను.

నీరు టీ రంగుకు తిరగడం కూడా మా అశ్రద్ధ కాదు. పాచి పడితే నీరు పచ్చబడుతుంది. బోరు నీటిలో కరిగిన ఇనుము క్లోరిన్ తగలగానే తుప్పుగా మారి ఇలా గోధుమ రంగు తేలుతుంది. ఇనుప ఖనిజం తవ్వే ఊళ్లో ఇది విచిత్రమా? పీహెచ్ 7.2కీ 7.6కీ మధ్య ఉంచుతూ రాసుకున్న పుస్తకం నా దగ్గర ఉంది, వచ్చి చూడవచ్చు.

మారుమూల ఊరు కాబట్టి ఆలస్యం తప్పదని మీరు అంటున్నారు. అద్దె నిర్ణయించేటప్పుడు మాత్రం ఇళ్లు దొరకని మారుమూల ఊరు కాబట్టి ఇంత ఉంటుందన్నారు. ఒకే దూరానికి రెండు వైపులా మేమే చెల్లించాలా? గని యంత్రాల విడిభాగాలు ఇదే రోడ్డు మీద వారం తిరగకుండా వస్తున్నాయి.

గేటును రెండు రోజుల్లో బాగుచేయించండి. టెక్నీషియన్ దొరక్కపోతే ఊళ్లో వెల్డింగ్ తెలిసినవారికి కొదవలేదు, మీరు అనుమతిస్తే నేనే పిలిపిస్తాను, ఖర్చు మీది. పంపు బిల్లు రద్దు చేసి, కొలను వాడుకోలేని నెలలకు అద్దె తగ్గించండి. లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే అద్దె వివాదాలు విచారించే అధికారులకు ఈ కాగితాలన్నీ ఇస్తాను. అప్పటిదాకా అద్దె మాత్రం గడువు తప్పకుండా కడతాను.

మీ మనిషి సాయంత్రం నాలుగు దాటాక వస్తే మేలు, అప్పటికి మా ఆయన లేస్తారు. పెరటి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
మీ అద్దెదారు